టాయిలెట్ తలుపులో నాలుగు రంధ్రాలు: మున్సిపల్ ఇంజినీర్లకు ఒక బహిరంగ లేఖ

పట్టణాల్లో, నగరాల్లో పబ్లిక్ టాయిలెట్లకు డ్రాయింగులు గీసే ఇంజినీర్లకు, టెండర్లు పిలిచే కమిషనర్లకు, ఆఖరి బిల్లు మీద సంతకం పెట్టే అధికారులకు,

నమస్కారం.

నేను బీమా ఏజెంటుని. పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. పొద్దున తొమ్మిదింటికి స్కూటీ తీస్తే మళ్లీ ఇల్లు చేరేసరికి రాత్రి ఏడో ఎనిమిదో అవుతుంది. ప్రీమియం వసూళ్లు, కొత్త పాలసీల సంతకాలు, క్లెయిమ్ కాగితాలు, అన్నీ రోడ్డు మీదే. ఏ సెంటర్లో టాయిలెట్ తెరిచి ఉంటుందో, ఏది ఏళ్ల తరబడి తాళం వేసి ఉందో, ఎక్కడ నీళ్లు వస్తాయో, ఎక్కడ రావో నాకు నోటికి వచ్చు. అది తెలియకపోతే నాకు రోజు గడవదు. మా ఊరి పేరు రాయడం లేదు. ఏ ఊరి ఆడవాళ్లు చదివినా ఇది తమ ఊరి సంగతే అనుకుంటారని నాకు తెలుసు.

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం బస్టాండుకి దగ్గర్లో ఉన్న పే అండ్ యూజ్ టాయిలెట్‌కి వెళ్లాను. బయట గోడ మీద ఒక పక్క 'పురుషులు', ఇంకో పక్క 'స్త్రీలు' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఆడవాళ్ల వైపు గ్రిల్లుకి తాళం. లోపల చీపుళ్లు, బ్లీచింగ్ పౌడర్ బస్తా, ఒక మడత మంచం, దండెం మీద ఆరేసిన లుంగీ కనిపిస్తున్నాయి. టేబుల్ దగ్గర కూర్చున్న కుర్రాడు నన్ను చూసి, "అది వాడట్లేదు మేడమ్, ఇప్పుడు అంతా కామనే. ఇటు వెళ్లండి, లోపల ఎవరూ లేరు" అన్నాడు. చాలాసేపటి నుంచి ఆపుకుని ఉన్నాను. ఐదు రూపాయలిచ్చి వెళ్లాను.

లోపల కుడి వైపు మగవాళ్లు నిలబడి పోసుకునే వరస. అది దాటి వెళ్తే మూడు గదులు. రెండింట్లో అడుగు పెట్టే పరిస్థితి లేదు. మూడో గది తలుపుకి గడియ లేదు. గడియ ఉండాల్సిన చోట నాలుగు స్క్రూ రంధ్రాలు, ఒక్కోటి చిటికెన వేలు దూరేంత పెద్దవి అయిపోయి ఉన్నాయి. ఒక రంధ్రంలో బస్సు టికెట్టు చుట్టి కుక్కి ఉంది. ఇంకో దాంట్లో బిస్కెట్ ప్యాకెట్ కాగితం. మూడో దాంట్లో టిష్యూ ముక్క, తడిసి ఎండి గట్టిపడిపోయింది. నాలుగోది ఖాళీ. నేను బ్యాగులోంచి ఒక పాత రసీదు తీసి, చింపి, ఉండ చుట్టి ఆ నాలుగో రంధ్రంలో కుక్కాను. ఒక చేత్తో తలుపు పట్టుకున్నాను, బ్యాగు మెడలో వేసుకున్నాను, చీర కుచ్చిళ్లు మోకాళ్ల మధ్య బిగించాను. అంతలోనే బయట అడుగుల చప్పుడు వినబడింది. ఎవరో వచ్చి ఆ వరసలో నిలబడ్డారు. ఆయన వెళ్లేలోపు ఇంకొకరు వచ్చారు. ఆ రెండో మనిషి ఫోన్ మాట్లాడుతూనే ఉన్నాడు. ఫోన్ ఎటు తిప్పి పట్టుకున్నాడో నాకు తెలియదు. పది నిమిషాలు ఆ తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాను. చివరికి బయటికి వచ్చేసరికి ఒక పెద్దాయన లోపలికి వస్తూ నన్ను చూసి, అయ్యో అంటూ గోడ వైపు తిరిగిపోయారు. పాపం, ఆయనకీ సిగ్గే కదా.

ఎవరూ నన్ను ఏమీ అనలేదు, ఏమీ చెయ్యలేదు. ఫిర్యాదు రాద్దామన్నా రాయడానికి ఏమీ లేదు. కానీ ఆ రోజు నుంచి నా కళ్ల ముందు మెదిలేవి ఆ మూడు కాగితం ముక్కలే. నాకంటే ముందు ముగ్గురు ఆడవాళ్లు అదే చోట, అదే భయంతో చేతికి దొరికిన కాగితం తీసి కుక్కి వెళ్లారు. మేం ఒకరికొకరం తెలియదు. మాలో ఎవరూ మీ ఆఫీసుకి రాలేదు. అందుకే ఈ లేఖ.

ఆడా మగా ఇద్దరికీ ఒకే టాయిలెట్ అనగానే గొడవ చేసే మనిషిని కాను నేను. మన ఇళ్లలో ఉన్నది అదే. రైలు పెట్టెల్లోనూ అదే. నలభై ఏళ్లుగా రైళ్లెక్కుతున్నాను, రైలు టాయిలెట్ మురికి గురించి తిట్టుకున్నాను కానీ దాన్ని ఇద్దరూ వాడుతున్నారని బాధపడలేదు. అక్కడ తలుపు తీస్తే ఉండేది ఒకే గది. తలుపు ఇనుముది, గడియ గట్టిది, చెయ్యి కడుక్కునే కుళాయి లోపలే ఉంటుంది. బయటికి వస్తే పక్కనే ప్రయాణికులు ఉంటారు.

అంతేకాదు, అలాంటి గది అవసరం నాకే వచ్చింది. మా మామయ్యగారికి పక్షవాతం వచ్చిన ఏడాది ఆయన్ని ఫిజియోథెరపీకి నేనే తీసుకెళ్లేదాన్ని. ఒకసారి దారిలో ఆయనకి ఆగలేదు. చెయ్యి పట్టుకుని మగవాళ్ల గుమ్మం దాకా నడిపించి అక్కడ ఆగిపోయాను. నేను లోపలికి వెళ్లకూడదు, ఆయన ఒక్కరూ వెళ్లలేరు. ఎవరో డిగ్రీ చదివే అబ్బాయి, "నేను తీసుకెళ్తానమ్మా" అని సాయం పట్టాడు. ఆ తర్వాత ఎప్పుడు బయల్దేరినా మామయ్యగారు పొద్దున్నుంచి మంచినీళ్లు ముట్టేవారు కాదు. చిన్న కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చిన తండ్రికీ, ఎదిగిన కొడుకు మానసిక వైకల్యంతో ఉంటే అతన్ని ఒంటరిగా పంపలేని తల్లికీ ఇదే ఇబ్బంది. వాళ్లందరికీ ఎవరైనా వెళ్లగలిగే గది ఒకటి కావాలి. కట్టండి. నా ఓటు దానికే.

కానీ మన రోడ్ల మీద 'కామన్' అంటున్నది ఆ గది కాదు. ఆడవాళ్ల వైపు తాళం పడితే మిగిలిన మగవాళ్ల వైపుకే ఆ పేరు పెడుతున్నారు. మరికొన్ని చోట్ల ఫుట్‌పాత్ మీద తెచ్చి దించిన ఫైబర్ డబ్బాలకి ఆ పేరు. తలుపు కింద జానెడు సందు, గాలి కోసం మనిషి నడుము ఎత్తులో పెట్టిన కంతలు, లైటు స్విచ్ బయట. స్విచ్ బయట పెట్టిన వాళ్లకి ఒక్క మాట చెప్పాలి. లోపల మనిషి ఉన్నారని తెలిసి ఆ లైటు ఆర్పేసి నవ్వుకుంటూ పోయే కుర్రాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఆ చీకట్లో గోడ తడుముకుంటూ బయటికి వచ్చిన ఆడపిల్లలూ ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

కాగితాలు కుక్కిన రంధ్రాలు మన దగ్గరే ఉంటాయనుకున్నాను. కొన్నాళ్ల తర్వాత దక్షిణ కొరియా గురించి చదువుతుంటే అచ్చం అలాంటి ఫొటోనే కనిపించింది. టాయిలెట్ గోడకీ తలుపుకీ చిన్న చిన్న రంధ్రాలు, వాటి నిండా టిష్యూ ముక్కలు. మనకంటే ఎంతో ముందున్న దేశంలో కూడా ఆడవాళ్లు అదే చేస్తున్నారు.

వాళ్ల భయానికి కారణం ఉంది. 2016 మే 17న సియోల్‌లో, గంగ్నమ్ స్టేషన్ దగ్గర ఒక భవనంలో ఆడా మగా ఇద్దరూ వాడే టాయిలెట్ లోపల ఒకడు కాచుకుని కూర్చున్నాడు. వచ్చిన మగవాళ్లని వెళ్లనిచ్చాడు. తర్వాత వచ్చిన 23 ఏళ్ల అమ్మాయిని పొడిచి చంపాడు. ఆమె ఎవరో కూడా అతనికి తెలియదు. ఆడవాళ్లు తనని చులకన చేస్తున్నారని పోలీసులకి చెప్పాడు. కోర్టు 30 ఏళ్ల జైలు వేసింది. ఆ స్టేషన్ పదో నంబరు గేటు దగ్గర జనం వేల సంఖ్యలో చీటీలు అంటించి ఆ అమ్మాయికి నివాళి అర్పించారు. ఆ తర్వాతే అక్కడ ఉమ్మడి టాయిలెట్లని విడదీయాలన్న మాట బలపడింది. అక్కడి ఆడవాళ్లకి ఇంకో భయం, టాయిలెట్లలో దాచిపెట్టే రహస్య కెమెరాలు. వాటి మీద 2018లో వేలాదిమంది ఆడవాళ్లు రోడ్డెక్కారు. చివరికి సియోల్ నగరపాలక సంస్థ సుమారు 20 వేల పబ్లిక్ టాయిలెట్లలో రోజూ కెమెరాల కోసం తనిఖీ చేయిస్తామని ప్రకటించాల్సి వచ్చింది.

మన దగ్గర అంత దూరం వెళ్లక్కర్లేదు. 2024 ఆగస్టులో కృష్ణా జిల్లాలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ లేడీస్ హాస్టల్ వాష్‌రూముల్లో రహస్య కెమెరాలు పెట్టారన్న మాట బయటికి రాగానే విద్యార్థినులు రాత్రికి రాత్రి ఆందోళనకి దిగారు. పోలీసులు వెతికారు, కెమెరాలేవీ దొరకలేదన్నారు. దొరకనందుకు సంతోషమే. కానీ ఆ వారం మా అమ్మాయి, ఇంటర్ చదువుతోంది, కాలేజీలో బాత్‌రూముకి వెళ్లడం మానేసింది. సాయంత్రం ఇంటికి రాగానే బూట్లు కూడా విప్పకుండా పరిగెత్తేది. అది ఒక్క మా ఇంట్లోనే జరిగిందనుకోను.

చట్టం లేదా అంటే ఉంది. టాయిలెట్‌లో ఉన్న ఆడమనిషిని దొంగచాటుగా చూడటం, ఫొటోలు వీడియోలు తీయడం నేరమని నిర్భయ ఘటన తర్వాత 2013లో ఐపీసీలో 354సి సెక్షన్ తెచ్చారు. 2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షన్. మొదటిసారి దొరికితే ఏడాది నుంచి మూడేళ్లు, మళ్లీ చేస్తే మూడు నుంచి ఏడేళ్లు. అనుమతి లేకుండా ఇలాంటి ఫొటోలు తీసినా, పంచినా శిక్ష వేసే 66ఇ సెక్షన్ ఐటీ చట్టంలో కూడా ఉంది. కానీ ఆ సెక్షన్లు పనిచెయ్యాలంటే ముందు తనని ఎవరో తీశారని ఆ ఆడమనిషికి తెలియాలి. తెలిసేసరికి ఆ వీడియో ఎంతమంది ఫోన్లకి పోయి ఉంటుందో ఆలోచించండి. ఒక గట్టి గడియ, సందు లేని తలుపు ఎంత పని చేస్తాయో పోలీస్ స్టేషన్లో రాసే ఫిర్యాదు అంత పని చెయ్యలేదు. గడియ మీ చేతిలో ఉంది. అందుకే మీకు రాస్తున్నాను.

ఈ మాట ఎత్తితే చాలామంది ట్రాన్స్‌జెండర్ల పేరు తెస్తారు. నాకు తెలిసినంతలో ఈ భయానికీ వాళ్లకీ ముడి పెట్టడం అన్యాయం. నా పాలసీదారుల్లో ఒక ట్రాన్స్ మహిళ ఉంది. టైలరింగ్ చేసుకుంటుంది, ప్రీమియం ఒక్కసారి కూడా ఆలస్యం చెయ్యలేదు. ఈ లేఖ రాస్తున్నానని చెప్తే, "అక్కా, మగవాళ్ల వైపు వెళ్తే వాళ్లు ఏం చేస్తారోనని నాకు భయం, ఆడవాళ్ల వైపు వెళ్తే నన్ను చూసి వాళ్లు కేకలేస్తారని భయం. అందుకే సినిమాకి కూడా పోను" అంది. నేను తలుపు పట్టుకుని నిలబడ్డది పది నిమిషాలు. ఆమెది రోజూ అదే బతుకు. 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసు తీర్పులో ట్రాన్స్‌జెండర్లకు ప్రత్యేక పబ్లిక్ టాయిలెట్లు ఏర్పాటు చెయ్యాలని సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరి 15న ఇంకో తీర్పులో, కోర్టు ఆవరణలన్నింటిలో పురుషులకు, స్త్రీలకు, దివ్యాంగులకు, ట్రాన్స్‌జెండర్లకు విడివిడిగా టాయిలెట్లు ఉండాలంది. కోర్టులకి వర్తించిన న్యాయం బస్టాండుకీ కూరగాయల మార్కెట్టుకీ ఎందుకు వర్తించకూడదు? మామయ్యగారి కోసం నేను అడిగిన ఆ ప్రత్యేక గది ఆమెకి కూడా పనికొస్తుంది. కాకపోతే ఆ గది ఆడవాళ్ల వైపుని మూసేసి కాకుండా, దాని పక్కన అదనంగా ఉండాలి.

ఇంగ్లండ్‌లో ఇదే వాదన చాలా ఏళ్లు నడిచి, 2024 అక్టోబర్ 1 నుంచి కొత్త నిబంధన వచ్చింది. ఇళ్లు కాని కొత్త భవనాల్లో ఆడవాళ్లకి, మగవాళ్లకి విడివిడిగా టాయిలెట్లు ఉండాలి. అందరికీ పనికొచ్చే టాయిలెట్ పెడితే అది నాలుగు వైపులా పూర్తిగా మూసి ఉన్న గది కావాలి, బేసిన్, చెయ్యి ఆరబెట్టుకునే ఏర్పాటు ఆ గది లోపలే ఉండాలి. చోటు లేని పక్షంలోనే విడివిడి టాయిలెట్లకి బదులుగా ఆ గదులు కట్టుకోవచ్చు. నాకు బాగా నచ్చింది ఆ బేసిన్ లోపల ఉండాలన్న మాట. నెలసరి రోజుల్లో చేతికి, చీరకి మరక అయినప్పుడు పదిమంది మగవాళ్లు నిలబడ్డ చోటికి వచ్చి కడుక్కోవడం ఎలా ఉంటుందో ఎవరో ఆలోచించి రాసినట్టుంది.

మన స్వచ్ఛ భారత్ మార్గదర్శకాల్లోనూ ఆ ఆలోచన కొంత ఉంది. కమ్యూనిటీ టాయిలెట్లలో మగవాళ్లు 35 మందికి ఒక సీటు, ఆడవాళ్లు 25 మందికి ఒక సీటు అని లెక్క కట్టారు. మాకు ఎక్కువ సమయం పడుతుంది, ఎక్కువ సీట్లు కావాలని మీ కాగితాలే ఒప్పుకున్నాయి. మగవాళ్లకి నిలబడి పోసుకునే వరస ఎలాగూ ఉంటుంది. మిగిలిన మూడు గదులు కూడా ఉమ్మడి అయిపోతే మేం పోగొట్టుకున్నది ఎంతో ఒకసారి లెక్క వెయ్యండి.

ఇప్పుడు ఆ లెక్క ఇంకా పెద్దది. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం. చాలా మంచి పని. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లు ఆసుపత్రికి, కాలేజీకి, కూలికి, పుట్టింటికి ఇంతకు ముందుకంటే ధైర్యంగా బయల్దేరుతున్నారు. బస్సులో టికెట్టు ఉచితం, దిగాక టాయిలెట్‌కి ఐదు రూపాయలు, అదీ మగవాళ్ల వైపు! దాంతో ఆడవాళ్లు చేసే పని ఒక్కటే, నీళ్లు తాగడం మానెయ్యడం. నేనూ ఏళ్ల తరబడి అదే చేశాను. సీసాలో నీళ్లు పొద్దున నింపుకుని సాయంత్రం అలాగే ఇంటికి తెచ్చేదాన్ని. రెండుసార్లు యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చి చలి జ్వరంతో మంచం ఎక్కాను. డాక్టరమ్మ రాసిన మందుల చీటీలో మొదటి లైను, రోజుకి మూడు లీటర్ల నీళ్లు తాగాలి అని. ఎక్కడికి పోయి తాగాలి?

ఆ టేబుల్ దగ్గరి కుర్రాడి మీద నాకు కోపం లేదు. పగలూ రాత్రీ అక్కడే ఉండమన్నారు, పడుకోవడానికి గది ఇవ్వలేదు. అతను మడత మంచం ఎక్కడ వేసుకుంటాడు? తక్కువ మంది వచ్చే వైపు వేసుకున్నాడు. తక్కువ మంది ఎందుకు వస్తున్నారంటే అక్కడ నీళ్లు రావు, లైటు వెలగదు. అలా ఒక మంచం, ఒక చీపురు, ఒక తాళం... ఆర్నెల్లలో ఆడవాళ్ల టాయిలెట్ స్టోరు రూము అయిపోయింది. దీనికి ఎవరూ ఆర్డరు వెయ్యలేదు. ఏ ఫైల్లోనూ రాసి ఉండదు. మీ రికార్డుల్లో అక్కడ ఇప్పటికీ స్త్రీల టాయిలెట్ నడుస్తూనే ఉంటుంది.

కాబట్టి నా మొదటి విన్నపం, డ్రాయింగులోనే కాపలా మనిషికి ఒక చిన్న గది, సామాన్లకి ఒక అర చూపించండి. ఆడవాళ్ల వైపు పగటి పూట ఒక ఆడమనిషిని పెట్టండి, ఆమె జీతం ఐదు రూపాయల వసూళ్ల మీద ఆధారపడకుండా కాంట్రాక్టులోనే రాయండి. ఆడవాళ్ల గుమ్మం వేరే దిక్కున, రోడ్డు మీది జనానికి కనబడేలా, వీధి దీపం వెలుగు పడేలా ఉండాలి. కొన్ని చోట్ల మరుగు కోసమని వెనక సందులో పెడుతున్నారు, ఆ సందులోకి చీకటి పడ్డాక ఎవరు వెళ్తారు? తలుపు నేల నుంచి పై దాకా నిండుగా ఉండాలి. గాలి, వెలుతురు తలకంటే ఎత్తున జాలీ వేసిన వెంటిలేటర్ నుంచి రావాలి. గడియ పల్చటి అల్యూమినియంది వద్దు. తలుపుకి ఇటు నుంచి అటు దాకా పోయే బోల్టులు బిగించి నట్లు వేసిన స్టీలు గడియ కావాలి. స్క్రూలతో బిగించినవి ఊడిపోతాయి, ఊడిపోయాక ఏం మిగులుతుందో పైన రాశాను. స్విచ్ లోపల. బ్యాగు తగిలించుకోవడానికి ఒక కొక్కెం, మూత ఉన్న ఒక చెత్త డబ్బా, కుళాయి, మగ్గు. వీటన్నింటి ఖర్చు బయట గోడ మీద వేయించే బొమ్మల ఖర్చు కంటే ఎక్కువ అవుతుందని నేను అనుకోను.

టాయిలెట్ పూర్తయ్యాక కాంట్రాక్టరు బిల్లు పెడతాడు. దాని మీద సంతకం పెట్టే ముందు మీలో ఒకరు, వీలైతే మీ ఆఫీసులో పనిచేసే ఒక ఆడమనిషి, మిట్ట మధ్యాహ్నం ఆ గదుల్లోకి ఒక్కొక్కదాంట్లోకి వెళ్లి, తలుపు వేసి, గడియ పెట్టి, లైటు ఆర్పి, పైన వెంటిలేటర్‌కి ఒక గుడ్డ అడ్డం పెట్టించి, రెండు నిమిషాలు నిలబడండి. తలుపులోంచి గానీ గోడలోంచి గానీ సన్నటి వెలుతురు గీత ఒక్కటి లోపలికి పడినా ఆ బిల్లు ఆపండి. ఆర్నెల్ల తర్వాత మళ్లీ వెళ్లి ఇలాగే చూడండి.

ఆ బస్టాండు దగ్గరికి పోయిన వారం కూడా వెళ్లాను. గ్రిల్లుకి తాళం అలాగే ఉంది. నేను కుక్కిన రసీదు కూడా ఆ రంధ్రంలో అలాగే ఉంది.

ఇట్లు,
ఒక బీమా ఏజెంటు